వరసలో లేని ఫైలు

ఆగయ్య మీద పెట్టిన కేసంతా ఒక్క ఫైలు మీద నిలబడి ఉంది. ఆ ఫైలు పేరు పక్కన కంప్యూటర్ చూపించిన వేళ మధ్యాహ్నం 2:10.

కురవి అవతలి గ్రానైట్ క్వారీలో, ముప్పై తొమ్మిది రోజుల కింద ఒక ఆదివారం, బలరాం అనే మేకల కాపరి పేలిన బండల కింద పడి చనిపోయాడు. ముందుగా సైరన్ మోగలేదు. క్వారీలో మందు పేల్చే లైసెన్సు ఉన్నది ఆగయ్య ఒక్కడికే. రిజిస్టరు ప్రకారం అతను డ్యూటీ ఎక్కింది మధ్యాహ్నం 1:15కి. నేల అదిరినప్పుడల్లా కొలిచి ఒక ఫైలు రాసుకునే మిషిన్ ఆ రోజు రాసిన ఫైలు 2:10ది. కూలీలకు సెలవు. మేనేజర్ దినేశ్ ఆ వేళకు భూపాలపల్లిలో చుట్టాల గృహప్రవేశంలో భోజనం చేస్తున్నాడు, వీడియో కూడా ఉంది. మిగిలింది ఆగయ్య.

తాను పేల్చలేదని ఆగయ్య మొదటి రోజు నుంచీ చెబుతున్నాడు. మేనేజర్ చెప్పినట్టు మందుగుండు గది దగ్గరే కూర్చున్నాననీ, బండలు పేల్చే గుంత దిక్కు పోనేలేదనీ అన్నాడు. ఆ గదికి రెండు తాళంచెవులు. ఒకటి అతని దగ్గర, రెండోది ఆఫీసులో. పొద్దున తాను జనగామ దవాఖానలో బిడ్డకు చీటీ రాయించానని చూపించాడు. చీటీ మీద 8:22 అని ఉంది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. పేలింది మధ్యాహ్నం కదా, పొద్దున ఎక్కడుంటే ఏంది అన్నారు. శరీరం నలిగిపోయింది, చనిపోయిన వేళ కచ్చితంగా చెప్పలేమని పోస్టుమార్టం చేసిన డాక్టరు రాశాడు.

ఆగయ్య భార్య యమున వచ్చి కలిసింది నిర్మలను. నిర్మలకు జనగామలో రెండు గదుల డిటెక్టివ్ ఆఫీసు ఉంది. అంతకుముందు పదిహేడేళ్లు ఆఫీసుల్లో కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలిపే నెట్‌వర్క్ పని చేసింది. ఈ కేసు తీసుకున్న రోజు ఆమె నోటు పుస్తకంలో రాసుకున్నది రెండే మాటలు: 2:10. ఎవరి గడియారం?

క్వారీ కంప్యూటర్లు చూడటానికి కోర్టు ఆమెకు మూడు గంటలు ఇచ్చింది. గురువారం ఉదయం పది నుంచి ఒంటిగంట దాకా, పోలీసుల ఎదుట, కంపెనీ తరఫు మనిషి ఎదుట.

కంపెనీ తరఫు మనిషి రాజయ్య, రిటైరైన ఇన్‌స్పెక్టర్. 2:10 ఫైలును పట్టుకున్నది ఆయనే. స్క్రీన్ ఫోటో తీసి, సంతకం పెట్టి కోర్టుకు ఇచ్చింది కూడా ఆయనే. లంచం తినే మనిషి కాదని నిర్మలకు తెలుసు. తప్పు ఒప్పుకునే మనిషి కాదని కూడా తెలుసు. రెండేళ్ల కింద బచ్చన్నపేట కేసులో ఇద్దరూ ఎదురుపడ్డారు, అప్పుడు ఓడింది నిర్మల.

ఆమె 10:05కి క్వారీ ఆఫీసులో అడుగు పెట్టేసరికి దినేశ్ తలుపు దగ్గరే ఉన్నాడు. మిషిన్ దగ్గరి నుంచి ఫైళ్లు రావడం బందయి పన్నెండు రోజులైంది, చూడటానికి ఏమీ లేదు మేడం, అని మర్యాదగానే చెప్పాడు.

నిర్మల ముందు శ్రీలతను కూర్చోబెట్టి మాట్లాడింది. శ్రీలత ఆఫీసు కంప్యూటర్ చూసుకునే అమ్మాయి, మహబూబాబాద్ నుంచి రోజూ బస్సులో వస్తుంది. ఆమె చెప్పినదాన్ని బట్టి సంగతి ఇది. అదురు కొలిచే మిషిన్ గుంత పక్కన రేకుల క్యాబిన్‌లో ఉంది. దానికి తగిలించిన కంప్యూటర్ బాగా పాతది, అందులో పాత విండోస్. ఆ మిషిన్ సాఫ్ట్‌వేర్ కొత్తవాటిలో నడవదు కాబట్టి మార్చలేదు. నిరుడు దసరా తర్వాత ఆఫీసుకు కొత్త లాప్‌టాప్ కొన్నారు. దానికీ క్యాబిన్ కంప్యూటర్‌కూ పొసగలేదు. ఒకదాని ఫోల్డర్ ఇంకొకటి తెరవదు. అప్పుడు జనగామ నుంచి ఒకాయన వచ్చి రెండింటి మధ్యలో ఒక చిన్న పెట్టె పెట్టాడు, విండోస్ కాకుండా లినక్స్ అనే వేరే సాఫ్ట్‌వేర్‌తో నడిచేది. క్యాబిన్‌లో తయారైన ఫైలును ఆ పెట్టె తెచ్చుకొని దాచుకుంటుంది. లాప్‌టాప్ దాన్ని పెట్టెలో చూస్తుంది. క్యాబిన్ కంప్యూటర్ ముప్పై రోజులు దాటిన ఫైళ్లను తనంతట తానే చెరిపేస్తుంది. అంటే ఆ ఆదివారం ఫైలు ఇప్పుడు పెట్టెలో తప్ప ఇంకెక్కడా లేదు.

ఫైలు లోపల వేళ రాసి ఉంటుందా అని నిర్మల అడిగింది. గీతలు, అంకెలే ఉంటాయనీ, పేరు కూడా వరస నెంబరేననీ శ్రీలత చెప్పింది. ఇంకేదో చెప్పబోయి దినేశ్ వైపు చూసి ఆగిపోయింది. నిర్మల అది గమనించి, అప్పటికి వదిలేసింది.

పన్నెండు రోజుల కింద ఏం చెడింది? వైరు బాగానే ఉంది. క్యాబిన్ కంప్యూటర్ పిలిస్తే పలుకుతోంది. పాస్‌వర్డ్ సరైనదే. అయినా ఫోల్డర్ అడిగితే తలుపు మూసేస్తోంది. నిర్మల పెట్టెకు కీబోర్డు తగిలించి, పాస్‌వర్డ్ కొట్టి లోపలికి పోయింది. అది పెట్టిన జనగామ ఆయన ముందు రోజే ఇచ్చాడు. తప్పు ఎక్కడుందో పది నిమిషాల్లో దొరికింది. పెట్టెలో సాఫ్ట్‌వేర్ తనంతట తాను కొత్తదయింది. ఫైళ్లు ఇచ్చిపుచ్చుకునే పాత పద్ధతి భద్రం కాదని కొత్త సాఫ్ట్‌వేర్ దాన్ని మూసేసింది. క్యాబిన్ కంప్యూటర్‌కు వచ్చింది ఆ పాత పద్ధతి ఒక్కటే. సెట్టింగులో ఒక్క లైను మారిస్తే రెండూ మళ్లీ కలుస్తాయి.

ఆమె చెయ్యి కీబోర్డు మీదికి పోకముందే రాజయ్య లేచాడు.

"ఆగమ్మా. అది సాక్ష్యం. దాంట్ల ఒక్క అక్షరం మార్చినా నేను ఒప్పుకోను."

"మార్చకుంటే ఫైలు ఏ తొవ్వల వచ్చిందో తెల్వదు సార్."

"తొవ్వతోటి నాకేం పని? క్యాబిన్‌ల గడియారం చూసిన, కరెక్ట్ ఉన్నది. ఆఫీసుల గడియారం చూసిన, అదీ కరెక్టే. రెండు దిక్కులా కరెక్ట్ ఉన్నంక నడుమ తప్పెట్లొస్తది?"

"గదే నేను కూడ అడుగుతున్న సార్."

రాజయ్య కూర్చోలేదు. పెట్టెను ముట్టుకుంటే అప్పుడే కోర్టుకు ఫోన్ చేస్తానన్నాడు. నిర్మల వాదించలేదు. పెట్టెలో ఉన్నదంతా ముందు యథాతథంగా ఒక కొత్త డిస్కులోకి కాపీ తీద్దాం, దినేశ్‌తో కలిపి ముగ్గురం దాని మీద సంతకాలు పెట్టి, ఇక్కడున్న ఏఎస్సై చేతికి ఇద్దాం, ఆ తర్వాతే మారుస్తాను అంది. రాజయ్యకు అందులో తప్పు దొరకలేదు. కాపీ పూర్తి కావడానికి నలభై నిమిషాలు పట్టింది. దినేశ్ అంతసేపూ గోడ గడియారం చూస్తూ రెండుసార్లు టీ తెప్పించాడు.

11:31కి నిర్మల ఆ లైను మార్చింది. క్యాబిన్ ఫోల్డర్ తెరుచుకుంది. ఆగిపోయిన పన్నెండు రోజుల ఫైళ్లు ఒక్కొక్కటే వచ్చి పెట్టెలో చేరాయి. ఆఖరిది 0418.

అప్పుడు అందరూ క్యాబిన్‌కు నడిచారు. పది నిమిషాల దూరం. పాత కంప్యూటర్ మూలనున్న గడియారం 11:50 చూపిస్తోంది. రాజయ్య తన చేతి గడియారం తీసి దాని పక్కన పెట్టి ఏఎస్సైకి చూపించాడు. నిమిషం తేడా లేదు. చూసుకో అన్నట్టు నిర్మల వైపు తిరిగాడు.

నిర్మల క్యాబిన్ బయట గోడకు ఆనించి ఉన్న సమ్మెట తీసుకుని, నేలలో పాతిన మిషిన్ కొన పక్కన రెండు దెబ్బలు కొట్టింది. మిషిన్ అదురును పట్టుకుంది. తెర మీద కొత్త ఫైలు వచ్చింది. 0419. పక్కన వేళ, 11:52.

"రాసుకోండ్రి సార్, పదకొండు యాభై రెండు," అంది. ఏఎస్సై రాసుకొని క్యాబిన్ దగ్గరే కాపలా ఉండిపోయాడు.

మిగతావాళ్లు ఆఫీసుకు తిరిగొచ్చేసరికి 12:03. శ్రీలత లాప్‌టాప్‌లో ఫోల్డర్ తెరిచింది. 0419 అందులో వచ్చి ఉంది. నిర్మల రాజయ్యనే చదవమంది. ఆయన కళ్లద్దాలు సరిచేసుకొని వంగాడు. తెర మీద వేలు పెట్టి రెండుసార్లు చూసుకున్నాడు.

"సాయంత్రం అయిదు ఇరవై రెండు," అన్నాడు చివరికి.

ఇంకా అయిదు గంటలకు పైగా గడిస్తే తప్ప రాని వేళ అది.

నిర్మల సంగతి విప్పి చెప్పింది. ప్రతి కంప్యూటర్‌లోనూ గడియారంతో పాటు అది ఏ దేశపు వేళో చెప్పే సెట్టింగు ఒకటి ఉంటుంది. క్యాబిన్ కంప్యూటర్ పెట్టినవాళ్లు గడియారాన్ని మన వేళకు తిప్పారు గాని, దేశం మార్చలేదు. అది లండన్ మీదే ఉండిపోయింది. ఆ కంప్యూటర్ ముందు కూర్చుంటే తేడా కనపడదు. ఆఫీసులో పాత కంప్యూటర్ ఉన్నన్నాళ్లూ కనపడలేదు, దాన్నీ వాళ్లే అట్లాగే పెట్టారు కాబట్టి. కొత్త లాప్‌టాప్ మన దేశపు వేళ మీద ఉంది. లండన్ వేళ 11:52 అని రాసిన ఫైలు వస్తే, ఇక్కడ దానికి అయిదున్నర గంటలు కలిపి చూపిస్తుంది.

"రెండు గడియారాలూ కరెక్టే సార్. మీరు సరిగ్గనే చూసిండ్రు. గడియారం కింద దేశం చూడలే, గంతే."

రాజయ్య జేబులోంచి పెన్ను తీసి, తన రిపోర్టు నకలు వెనక వైపు లెక్క చేసుకున్నాడు. 2:10లోంచి అయిదున్నర గంటలు తీశాడు. 8:40. పొద్దున 8:40. ఆ వేళకు ఆగయ్య జనగామ దవాఖానలో ఉన్నాడు. భూపాలపల్లి భోజనాల వీడియో ఇక దినేశ్‌ను కాపాడదు. పొద్దున ఇక్కడి నుంచి బయలుదేరినవాడు మధ్యాహ్నానికి అక్కడ హాయిగా ఆకు ముందు కూర్చోవచ్చు.

దినేశ్ ముందుకొచ్చాడు. కంప్యూటర్ తప్పుకు మనిషి ఏం చేస్తాడు, మాకు తెలియక జరిగింది, అన్నాడు. ఫోన్ వచ్చినట్టు తెర చూసుకుంటూ బయటికి పోయాడు.

అతను పోయాక నిర్మల కుర్చీ శ్రీలత దగ్గరికి జరుపుకుంది. లాప్‌టాప్‌లో మిగతా రోజుల ఫైళ్లు కిందికి జరిపి చూపించింది. సాయంత్రం 6:40, 7:05, 6:50. క్వారీలో మందు పేల్చడానికి అనుమతి మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు దాకా. ఆరు గంటలకు గేటు మూస్తారు. చీకట్లో రోజూ ఎవరు పేలుస్తున్నారని అడిగింది.

శ్రీలత తలుపు వైపు ఒకసారి చూసి చెప్పింది. "నాకు ముందుకెల్లే తెలుసు అక్క. టైం తప్పొస్తున్నదని దినేశ్ సార్‌కు చెప్పిన. నెల రిపోర్టుల కంప్యూటర్ టైం రాయకు, ఆగయ్య రిజిస్టర్ల ఉన్నదే రాయమన్నడు. ఎప్పుడూ గట్లనే రాస్త."

"మరి గా ఆదివారందో?"

"గదొక్కటి కంప్యూటర్ల ఉన్నదే రాయమన్నడు."

రాజయ్య ముఖం ఎర్రబడింది. నాకెందుకు చెప్పలేదు బిడ్డా అని అడిగాడు. మీరు నన్ను ఏమీ అడగలేదు సార్, అంది శ్రీలత. అది నిజమే. ఆయన స్క్రీన్ ఫోటో తీసుకొని పోయాడు, అమ్మాయి కూర్చున్న కుర్చీ వైపు చూడలేదు.

ఈ మాట కాగితం మీద పెట్టి సంతకం చేస్తావా అని నిర్మల అడిగింది. శ్రీలత తలూపింది. రాస్తూ ఉండమని తెల్ల కాగితాలు ఇచ్చి, నిర్మల మళ్లీ లాప్‌టాప్ వైపు తిరిగింది. అప్పుడు ఆమెకు ఇంకొకటి కనపడింది. ఆదివారం ఫైలు 0377. దాని తర్వాతది సోమవారం ఫైలు, 0379. నడుమ 0378 లేదు.

మిషిన్ నెంబర్లు దాటెయ్యదు. ఒక నెంబరు లేదంటే ఎవరో తీసేశారు.

టైము 12:20. నిర్మల, రాజయ్య వెనక గదిలో ఉన్న పెట్టె దగ్గరికి పోయారు. ఈసారి రాజయ్యే తలుపు దగ్గరికి వేశాడు. జనగామ ఆయన పెట్టె పెట్టినప్పుడు ఒక మంచి పని చేశాడు. లాప్‌టాప్ నుంచి ఎవరైనా ఫైలు చెరిపితే అది నిజంగా పోదు, పెట్టెలో చెత్తబుట్ట లాంటి ఫోల్డర్‌లోకి పోతుంది. ఆ ఫోల్డర్ పేరు చుక్కతో మొదలవుతుంది. లినక్స్‌లో చుక్కతో మొదలయ్యే పేర్లు మామూలుగా చూస్తే కనపడవు. పెట్టె వాటిని విండోస్‌లో కూడా కనపడనివ్వదు. చెరిపినవాడు అంతా పోయిందనుకుంటాడు.

నిర్మల ఆ ఫోల్డర్ తెరిచింది. చెరిపినవాళ్ల పేరుతో అందులో వేరే వేరే ఫోల్డర్లు ఉంటాయి. ఇక్కడ ఉన్నది ఒక్కటే. దాని పేరు దినేశ్. అందులో ఉన్నది కూడా ఒక్క ఫైలే. 0378.

చెత్తబుట్టలో పడిన వేళ సోమవారం ఉదయం 7:06. అది పెట్టె తన సొంత గడియారంతో రాసుకున్నది, అందులో తేడా రాదు. ఫైలు తయారైన వేళ ఆదివారం మధ్యాహ్నం 2:31. అంటే పొద్దున 9:01.

"రెండుసార్లు పేలిందా?" అన్నాడు రాజయ్య నెమ్మదిగా.

రెండో అదురు గీతలు మొదటిదానికంటే పెద్దగా ఉన్నాయి. ఇరవై ఒక్క నిమిషాల తేడా. ఒక వరస బండలు పడ్డాక మళ్లీ తూట్లు వేసి, మందు పెట్టి పేల్చాలంటే ఎవరికైనా సగం పూట పడుతుందని రాజయ్యకు కూడా తెలుసు. ఇరవై ఒక్క నిమిషాల్లో అయిందంటే ఉన్న మందును ఉన్నట్టే బండ సందున కుక్కి పేల్చారు. బండ తీయడానికి ఎవరూ అట్లా పేల్చరు.

నిర్మల గంగాబాయికి ఫోన్ చేసింది. గంగాబాయి బలరాం భార్య, క్వారీకి రెండు కిలోమీటర్ల అవతలి తండాలో ఉంటుంది. చప్పుడు పొద్దున విన్నానని ఆమె మొదటి రోజే పోలీసులకు చెప్పింది. చుట్టూ నాలుగు క్వారీలున్నాయి, వేరేది విని ఉంటావన్నారు. నిర్మల పోయిన వారం కలిసినప్పుడు కూడా ఆమె అంతకు మించి మాట్లాడలేదు. అడిగినవాళ్లందరికీ చెప్పి విసిగి ఉంది.

నిర్మల ఫోన్ స్పీకరు మీద పెట్టి, ఆ పొద్దున ఎన్ని చప్పుళ్లు విన్నావని అడిగింది. రెండు, అంది గంగాబాయి. మధ్యలో నువ్వేం చేసినవని అడిగింది.

మేకలను ఆ దిక్కే తోలుకపోయాడని భయమై భర్తకు ఫోన్ చేశాననీ, మొదటిసారి ఎత్తలేదనీ, రెండోసారి చేస్తే ఎవరో మగమనిషి ఎత్తాడనీ ఆమె చెప్పింది. కాలికి దెబ్బ తగిలింది, దవాఖానకు తీసుకపోతున్నం, నువ్వు ఇటు రాకు అన్నాడట. ఆ మాట నమ్మి ఆమె కురవి దవాఖానకు, అక్కడి నుంచి మహబూబాబాద్ దవాఖానకు తిరిగింది. రెండు చోట్లా లేడు. సాయంత్రం నాలుగింటికి తండావాళ్లను వెంటబెట్టుకొని క్వారీకి వస్తే బండల కింద చెయ్యి కనపడింది. ఈ సంగతంతా పోలీసులకు చెప్పింది. పేలింది మధ్యాహ్నం, నీ ఫోన్ పొద్దటిది, దానికీ దీనికీ సంబంధం లేదన్నారు. బలరాం ఫోన్ ఇప్పటిదాకా దొరకలేదు.

"గంగాబాయీ, ఆ మనిషి మాట్లాడేటప్పుడు ఎనక ఇంకేమన్న ఇనొచ్చిందా?"



"నా పెనిమిటి గొంతు ఇనొచ్చిందక్క. పాణీ, పాణీ అన్నడు. మా మాటల నీళ్లని. నీళ్లియ్యుండ్రి అని నేను గూడ అన్న. ఆయన ఫోన్ పెట్టేసిండు. అటెన్క జరసేపటికి రెండో చప్పుడు."

నిర్మల ఫోన్ పెట్టేసింది. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. రాజయ్య గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

"బతికున్నోని మీద పేల్చిండ్రమ్మా. దాన్ని నేను ఆక్సిడెంట్ అని రాసి సంతకం పెట్టిన."

"గా సంగతి తర్వాత చూద్దాం సార్. ముందు ఆ పిల్ల కాగితం మన చేతిల పడాలె. కంప్యూటర్ ఎంత చెప్పినా, వాడు తెలిసి చేసిండని చెప్పేది ఆమెనే."

రాజయ్య ముందు నడిచి తలుపు తీశాడు. ఆఫీసు గదిలో లాప్‌టాప్ తెరిచే ఉంది. తెల్ల కాగితం మీద నాలుగు లైన్లు రాసి ఉన్నాయి, నాలుగోది మధ్యలో ఆగిపోయింది. కింద సంతకం లేదు. కుర్చీ వెనక్కి జరిగి ఉంది. శ్రీలత చెప్పులు గడప బయట లేవు. ఆమె ఫోన్ మాత్రం టేబుల్ మీదే ఉంది.

నిర్మల గేటు దాకా పరుగెత్తింది. పగటి వాచ్‌మన్ లేచి నిలబడ్డాడు. దినేశ్ సార్ ఆ అమ్మాయిని తీసుకొని పోయాడు, అమ్మకు పానం బాగాలేదని ఫోన్ వచ్చిందట, ఇంటి కాడ దించుతానన్నాడు, అని చెప్పాడు. మహబూబాబాద్ దిక్కు పోయారా అని అడిగితే తల అడ్డంగా ఊపి, కారు గుంత వెనక దిక్కు మట్టి తొవ్వల పోయిందన్నాడు. ఆ తొవ్వ ఎక్కడ తేలుతుందని రాజయ్య అడిగాడు. ఎక్కడా తేలదు సార్, పని బందయిన పాత గుంత కాడ ఆగిపోతది, అన్నాడు వాచ్‌మన్.

అతని ముందున్న గేటు పుస్తకంలో ఆఖరి లైను రాసి ఉంది. తెల్ల కారు, ఇద్దరు, 12:26.

నిర్మల చేతి గడియారం చూసుకుంది. 12:51.